సగం కారు, ఫుల్ మీల్స్

హైవే హోటళ్ళ యాజమాన్యాలకు ముందుగా వేయి దండాలు. చక్రం కనిపెట్టి మనిషి వేల ఏళ్ళు ఊరికే గడిపేశాడు. చక్రాలున్న బండిని అడ్డంగా కోసి, ముందు ముక్కని క్యాష్ కౌంటర్‌గా నిలబెట్టి, బానెట్ మీద సోంపు గిన్నె పెడితే పెసరట్టు నలభై రూపాయలు ఎక్కువ పలుకుతుందని కనిపెట్టడానికి మాత్రం తమరు పుట్టాల్సి వచ్చింది. ఇంతవరకూ తమకి పద్మ అవార్డు రాలేదంటే అది ఢిల్లీవాళ్ళ నిర్లక్ష్యం తప్ప తమ లోపం కాదు.

నేను ఇంటి ముందు రేకుల షెడ్డులో నాలుగేళ్ళుగా ఒక అంబాసిడర్ కడుతున్నాను. ఇల్లు కట్టినట్టే. అంచనా ఎప్పుడో దాటింది, గృహప్రవేశం ఎప్పుడో ఏ పంతులూ చెప్పలేడు, మా ఆవిడ అడగడం మానేసి రెండేళ్ళయింది. బండి మార్క్ టూ, అంటే అంబాసిడర్లలో రెండో రూపం, 1968 మోడల్. తెనాలి దగ్గర నిమ్మతోటలో కోళ్ళగూడుగా స్థిరపడిపోయి ఉంటే ఆర్‌సీతో సహా కొన్నాను. డబ్బు చేతికిచ్చాక కూడా, కోళ్ళకి వేరే చోటు చూడాలి, వారం ఆగమన్నాడు తోట ఆసామి.

దాన్ని పుట్టినప్పుడు ఎలా ఉందో అలాగే నిలబెట్టాలన్న మడి నాకు లేదు. అమెరికాలో 1932లో ఫోర్డ్ కంపెనీ సామాన్యుడి కారులోనే ఎనిమిది సిలిండర్ల వీ-8 ఇంజన్ పెట్టింది. అవి పాతబడి చవగ్గా దొరకడం మొదలయ్యాక దక్షిణ కాలిఫోర్నియా కుర్రాళ్ళు మడ్‌గార్డులు పీకేసి, బరువు దించేసి, ఈ బండి సామాను ఆ బండికి తగిలించి మురాక్, ఎల్ మిరాజ్ ఎండు సరస్సుల మీద దుమ్ము రేపారు. హాట్ రాడ్ అన్నారు దాన్ని. తాతగారి సిల్కు పంచె చింపకుండా దానికి జేబు కుట్టించుకోవడం లాంటిది. నేనూ అదే చేస్తున్నాను. పాత 1489 సీసీ ఇంజన్ బోరుకొచ్చి ఆయిల్ మింగుతుంటే దించేసి, తర్వాతి కాలపు అంబాసిడర్‌లో వచ్చిన 1817 సీసీ ఇసుజు ఇంజన్, దాని అయిదు గేర్ల పెట్టె ఎక్కించాం. మౌంటింగులు కొత్తగా చేయించాం. ఇంజన్ బలాన్ని వెనక చక్రాలకి చేర్చే ప్రొపెల్లర్ షాఫ్ట్‌ని లేత్ షాపులో కొలిచి కోయించాం. స్టీరింగ్ పక్కన ఉండే గేరు కింద నేల మీదికొచ్చింది గనక, ముందు సీట్లో ముగ్గురు కూర్చునే వైభవం పోయింది. బ్యాటరీని ఛార్జి చేసే డైనమో పోయి ఆల్టర్నేటర్ వచ్చింది. వైపర్ మోటారు మారుతి 800ది. పాత ఒంటికి అంగుళాల బోల్టులు, కొత్త గుండెకి మిల్లీమీటర్ల బోల్టులు. రెండు రకాల పానాలూ పక్కన పెట్టుకోకపోతే ఈ కాపురంలో చెయ్యి పెట్టలేం.

సామాన్ల కోసం తిరగని చోటు లేదు. విజయవాడ ఆటోనగర్ మా పుట్టిల్లే అనుకోండి. సికింద్రాబాద్ రాణీగంజ్, గురువారం జుమ్మేరాత్ బజార్, చెన్నై పుదుపేట, చివరికి కలకత్తా మల్లిక్ బజార్ దాకా పోయాను. కలకత్తాలో ఒకటి గమనించాను. అక్కడ అంబాసిడర్ సామాను సామానుగానే అమ్ముతారు. పాత డోరు హ్యాండిల్ అడిగితే పాత డోరు హ్యాండిల్ ఇస్తాడు. కలకత్తా పక్కనే ఉత్తరపర ఫ్యాక్టరీలో పుట్టిన బండి కదా, ఊరివాళ్ళకి దాని మీద మోజుండదు. మన దగ్గర అలా కాదు. కొట్టు మూల తుప్పు పట్టి, పిల్లి ఈనిన ముక్క అయినా సరే, నువ్వు వంగి చూశావా, అయిపోయావు. "యాంటిక్ సార్" అంటాడు. ఈ యాంటిక్ అనేది వయసుకి సంబంధించిన మాట కాదని నాకు ఆలస్యంగా తెలిసింది. అది కొనేవాడి మొహం చూసి పెట్టే పేరు.

నాకు ఆఖర్న మిగిలింది గ్రిల్లు, బండి మొహాన ఉండే జాలీ. మార్క్ టూ గ్రిల్లు, చిన్న గళ్ళది. బండికి నవ్వు ఉందంటే అక్కడే ఉంది. తర్వాతి మోడళ్ళవి దొరుకుతాయి గానీ పెడితే వేరేవాళ్ళ పళ్ళసెట్టు పెట్టుకున్నట్టుంటుంది. పదకొండు నెలలు వెతికాను. చివరికి నా అంబాసిడర్ గ్రిల్లు నాకు ఒక హైవే హోటల్లో, ఇడ్లీ ఆర్డరిచ్చి టోకెన్ కోసం నిలబడ్డప్పుడు కనిపించింది.

అక్కడి వైభవం కొంచెం వర్ణించాలి, తప్పదు. కారు ముందు సగం కౌంటర్. డ్రైవరు సీట్లో క్యాషియర్. ఒకప్పుడు టాక్స్ టోకెన్ అంటించిన అద్దం మీద ఇప్పుడు ఫోన్‌పే స్టిక్కర్. హెడ్‌లైట్లలో ఎరుపు, నీలం మార్చి మార్చి వెలిగే ఎల్‌ఈడీలు. ఏ అంబాసిడర్‌కీ పుట్టి ఎరగని రబ్బరు బుడ్డి హారన్ ఒకటి పక్కన బిగించారు. వచ్చిన ప్రతి పిల్లాడూ దాన్ని పిసుకుతాడు. పిల్లాడు అయ్యాక తండ్రి పిసుకుతాడు. నంబరు ప్లేటు మీద "టిఫిన్ 65". మరి వెనక సగం ఏమైందంటారా? చేతులు కడుక్కునే చోట ఉంది. డిక్కీ తెరిచి అందులో వాష్‌బేసిన్ కూర్చోబెట్టారు. ఒకాయన తోక దీపాల మధ్య నిలబడి గొంతు పుక్కిలిస్తున్నాడు. ఎడమ వైపు తోక దీపం కింద సబ్బు డబ్బా.

నేను ఇడ్లీ మర్చిపోయి మోకాళ్ళ మీద కూర్చున్నాను. గ్రిల్లు ఎలా బిగించారో చూడాలిగా. ఫోన్ లైటు వేసుకుని కౌంటర్ కిందకి తల దూర్చాను. ఒక సర్వర్ కాలితో మెల్లగా తట్టి, "వాష్‌రూమ్ అటండీ" అన్నాడు. ఒక చిన్నపిల్ల, "నాన్నా, అంకుల్ కారు రిపేరు చేస్తున్నాడు" అంది. ఆ రోజు ఆ హోటల్లో నన్ను సరిగ్గా అర్థం చేసుకున్నది ఆ పిల్ల ఒక్కతే.

మేనేజరు వచ్చాడు. విషయం చెప్పాను. పదివేలిస్తానన్నాను. ఆయన నన్ను దేవుడి మెళ్ళో నగ అడిగినట్టు చూసి ఓనరుకి ఫోన్ చేశాడు. "నలభై అయిదు వేలంటున్నారండీ మా సార్. యాంటిక్ కదా." పోనీ, అచ్చం ఇలాంటిదే మా మేస్త్రి చేత చేయించి తెచ్చి బిగిస్తాను, పైన పదిహేను వేలు కూడా ఇస్తాను, ఇది నాకివ్వండి అన్నాను. మేనేజరు తల అడ్డంగా ఊపాడు. "డూప్లికేట్ పెడితే కస్టమర్లు ఇట్టే పసిగట్టేస్తారండీ." అదే క్షణంలో నాలుగో టేబుల్ దగ్గర ఒక పెద్దమనిషి కొడుక్కి ఆ కారు పేరు ఫియట్ అని నేర్పిస్తున్నాడు.

రెండోసారి మా మేస్త్రిని తీసుకెళ్ళాను. ఆయన ఆటోనగర్‌లో నలభై ఏళ్ళుగా టింకరింగ్ చేస్తున్న మనిషి. నా బండికి కుడివైపు మడ్‌గార్డు ఎక్కడా దొరక్కపోతే కొత్త రేకు తెప్పించి, ఇసక సంచీ మీద పెట్టి, చెక్క సుత్తితో తొమ్మిది రోజులు కొట్టి దించాడు. దెబ్బకీ దెబ్బకీ మధ్య పాత బనియన్ గుడ్డ అరచేతి కింద పెట్టుకుని రేకు మీద నిమిరేవాడు. గుడ్డ ఉంటేనే వేళ్ళకి సొట్ట తెలుస్తుందట. లప్పం వెయ్యనివ్వలేదు. "లప్పం కప్పేదే గానీ కట్టేది కాదండీ" అన్నాడు. అట్లాంటి మనిషి ఆ కౌంటర్ కిందకి దూరి బయటికొచ్చి మాట్లాడలేదు. కాఫీ వద్దన్నాడు. బయట మోటారు సైకిల్ దగ్గరికొచ్చాక అన్నాడు: "గ్యాస్ కట్టర్ పెట్టారండీ. టార్షన్ బార్లు కూడా కోసేశారు."

తెలియనివాళ్ళ కోసం చెబుతాను. అంబాసిడర్‌కి లారీలాగా కింద విడిగా ఛాసీ ఉండదు. ఒళ్ళే దానికి ఎముక. ముందు చక్రాలని మోసే టార్షన్ బార్లు అక్కణ్ణుంచి వెనక్కి, సీటు కింద దాకా పోతాయి. అద్దం వెనకాల కోస్తే అంతే, మళ్ళీ ఏ వెల్డింగూ దాన్ని బండి చెయ్యలేదు. మేనేజరే గొప్పగా చెప్పాడు, హోటల్ దాకా నడుపుకుంటూ తెచ్చారట దాన్ని. నడిచే బండి. తాళం తిప్పితే పలికే బండి. కళ్ళాపి చల్లిన వాకిట్లో పెళ్ళికొడుకుని దించిన బండో, అర్ధరాత్రి పురిటి నొప్పుల మనిషిని గుంటూరు ఆసుపత్రికి చేర్చిన బండో, ఎవరికి తెలుసు! ఎవడయ్యా మీకు చెప్పింది, అది బొమ్మని? దాని ఇంజన్ ఏదని అడిగితే తుక్కు కింద పోయిందన్నారు, నవ్వుతూ. అది ఒక్కటి ఇచ్చినా ఇంకో రెండు బండ్లు బతికేవి. సొట్ట తీసినందుకు మా మేస్త్రికి రోజుకి వెయ్యి రూపాయలు ఇవ్వడానికి బేరమాడే ఈ ఊళ్ళోనే, బండిని నరికి గోడకి తగిలించే ఆలోచన ఇచ్చిన డిజైనరుకి "థీమ్" పేరుతో లక్షలు పోశారు. మెనూ కార్డు మీద పైగా "పాత జ్ఞాపకాల రుచి" అట! జ్ఞాపకాన్ని గ్యాస్ కట్టర్‌తో కోసి, దాని కడుపులో ఎంగిలి చేతులు కడుగుతూ!

సరే. చట్టం సంగతి చూద్దాం, చట్టం చల్లగా ఉంటుంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన రూపానికి విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే తేల్చింది. మారిస్తే ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. నా పాపాల చిట్టా తీస్తే ఇంజను, గేర్‌బాక్స్, ఆల్టర్నేటరు, వైపరు, బ్రేకులు. అచ్చంగా ఇరవై అయిదు వేలు. పోనీ పెద్దమనిషి తరహాగా వింటేజ్ రిజిస్ట్రేషన్‌కి పోదామా? 2021లో దానికీ నిబంధనలొచ్చాయి. బండికి యాభై ఏళ్ళు దాటాలి, అసలు రూపం చెదరకూడదు, ఫీజు 20,000. అన్నీ దాటి "వీఏ" అక్షరాల ప్లేటు తెచ్చుకున్నా ర్యాలీకి, ప్రదర్శనకి, పెట్రోలుకి, రిపేరుకి తీసుకెళ్ళొచ్చు గానీ రైతుబజారుకి పోయి వంకాయలు తేకూడదు. మామూలు బండిగానే ఉంచుకుందామంటే పదిహేనేళ్ళు దాటిన కారు రిజిస్ట్రేషన్ రెన్యూవల్ ఫీజు 600 నుంచి 2022 ఏప్రిల్లో 5,000 అయింది. 2025లో ఇరవై ఏళ్ళు దాటినవాటికి 10,000 చేశారు.

ఇప్పుడు చూడండి చమత్కారం. అదే బండిని రెండుగా కోసి, ముందు దాంట్లో క్యాషియర్నీ వెనక దాంట్లో వాష్‌బేసిన్‌నీ పెడితే, ఎవరూ ఏ సెక్షనూ తియ్యరు. బ్రేకు బాగుచేసినవాడు నేరస్తుడు, బండిని చంపినవాడు కళాపోషకుడు! రోడ్డు మీద కదిలితేనే దానికి నియమాలు. కదలకపోతే యాంటిక్.

అంబాసిడర్ చేసిన కంపెనీవాళ్ళనేం అనుకుంటాం. ఉత్తరపర ఫ్యాక్టరీ 2014 మేలో మూతపడింది. 2017లో అంబాసిడర్ అన్న పేరుని ఫ్రాన్స్‌లోని పెజో కంపెనీకి 80 కోట్లకి అమ్మారు. ఇంజన్ లేదు, చక్రాలు లేవు, ఉత్త పేరు. దానికి 80 కోట్లు. ఒంటికి మాత్రం కిలో లెక్క.

మూడు నెలల తర్వాత మేనేజరే ఫోన్ చేశాడు. గ్రిల్లు గురించేననుకుని ఎగిరి కూర్చున్నాను. "సార్, థీమ్ మార్చామండీ. ఇప్పుడు రైలు బోగీ. పాత సామాన్ల గురించి మీకు బాగా తెలుసుగా, రైలు లాంతర్లు ఎక్కడైనా దొరుకుతాయా?"

"మరి కారో?"

"తుక్కుకి వేసేశామండీ మొన్న. రెండు ముక్కలూ."

ఏ తుక్కు కొట్టో అడిగి, లాంతర్ల సంగతి చూద్దామని అబద్ధం చెప్పి, మేస్త్రిని బండెక్కించుకున్నాను. దారి పొడుగునా నూరిపోశాను. మొహంలో ఏమీ కనబడకూడదు, మొక్కలకి పందిరేసుకోవడానికి ఏదో జాలీ ముక్క కావాలని నేనే చెబుతాను, మీరు పక్కకి చూడండి అన్నాను. ఆయన అలాగేనన్నాడు.

పాత ఫ్రిజ్ తలుపుల కింద ఉంది. ఒక మూల వంగింది, అంతే. కొట్టువాడు బద్ధకంగా లాగి కాటా మీద పడేశాడు. కిలోకి ఎంతో చెప్పబోతున్నాడు. నేను జేబులో చిల్లర తడుముకుంటూ ఆవలించాను కూడా. ఈలోగా మా మేస్త్రి ఆగలేకపోయాడు. భుజం మీద తువ్వాలు తీసి, వంగి, గళ్ళు ఒక్కొక్కటీ తుడవడం మొదలెట్టాడు.

కొట్టువాడు ఆయన్ని చూశాడు. నన్ను చూశాడు. గ్రిల్లుని కాటా మీంచి దించి, జాగ్రత్తగా గోడకి ఆనించి పెట్టాడు.

"ఇది తూకానికి అమ్మేది కాదు సార్. యాంటిక్."