గంట కొట్టని పిల్ల

మొన్న ఉగాదికి ఇక్కడ అమెరికాలో మన తెలుగు సంఘం పెట్టిన పిల్లల క్విజ్‌లో మా అమ్మాయి జట్టు ఆఖరున వచ్చింది. అందుకు పెద్దగా బాధపడలేదు. (నిజం చెప్పాలంటే కాస్త పడ్డాను.) నాకు ఒళ్లు మండింది మాత్రం ఇంకోదానికి. అరగంట సేపు ఆ పిల్ల ముందున్న గంట మీద చెయ్యి పెట్టుకుని ఊరికే కూర్చుంది. పక్క జట్టు పిల్లలు ప్రశ్న పూర్తి కాకుండానే టింగుమనిపించి "శ్రీకృష్ణదేవరాయలు!" అని అరుస్తున్నారు. కాదంటే తర్వాతి ప్రశ్నకి "రుద్రమదేవి!" అది కూడా కాదంటే మళ్లీ రాయలవారే. అలా గురి చూడకుండా విసిరిన రాళ్లలో మూడో నాలుగో తగిలాయి. కప్పు వాళ్లదే.

కారెక్కాక అడిగాను, "ఒక్కసారైనా కొట్టొచ్చు కదే?" అని.

"నాకు తెలీదు కదమ్మా" అంది.

ఇంటికెళ్లేదాకా ఏం క్లాసు పీకానో ఇప్పుడు రాయడం అనవసరం. ఆ సోమవారం రాత్రి ఏడింటికి మా మామగారు టీవీ ముందు కూర్చున్నారు. తెనాలిలో హైస్కూలు లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఇక్కడికి వచ్చిన వారానికే ఆయనకి జెపర్డీ అనే టీవీ క్విజ్ షో అలవాటైపోయింది. ఆ ఉచ్చారణ సగమే అందుతుంది, కానీ ప్రశ్న తెర మీద రాసి ఉంటుంది కాబట్టి చదువుకుంటారు. ఆ రోజు ఏదో ప్రశ్న వచ్చింది. ఆడుతున్న ముగ్గురూ బొమ్మల్లా నిలబడ్డారు. ఎవరూ బజరు నొక్కలేదు.

"ఏమ్మా, అలా నిలబడిపోయారేంటి? ఏదో ఒకటి చెబితే పోయేదేముంది?" అన్నారాయన.

"పోతుంది మావయ్యగారూ. తప్పు చెబితే ఆ ప్రశ్నకి ఎంతుందో అంతా కోసేస్తారు."

కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టి, కళ్లజోడు సవరించుకున్నారు. "ఓహో. అయితే తెలియనప్పుడు ఊరుకోవడం కూడా ఇందులో లెక్కేనన్నమాట" అన్నారు. సోఫాలో ఓ పక్కన మా అమ్మాయి నావైపు ఒక చూపు చూసింది. నేను వంటింట్లోకి వెళ్లిపోయాను.

మనలో చాలామందిమి ఎంసెట్ గుమ్మం దాటి వచ్చినవాళ్లం. అందులో మైనస్ మార్కులు లేవు. టైము అయిపోతుంటే మిగిలినవన్నీ రెండో నంబరు దిద్దేయమని కోచింగ్‌లో ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. దిద్దాం, సీటొచ్చింది, విమానమెక్కాం. తెలియని దగ్గర ఖాళీ వదలడం నేరమన్నట్టే పెరిగాం. ఆఫీసు మీటింగుల్లోనూ అదే చేస్తున్నామేమో గానీ, ఆ సంగతి ఇక్కడొద్దు. పిల్లల క్విజ్‌కి మాత్రం ఆ రూలునే భద్రంగా సూట్‌కేసులో పెట్టుకు తెచ్చాం.

జెపర్డీలో ఇంకో మెలిక ఉంది. హోస్టు ప్రశ్న చదవడం పూర్తి చేశాకే బజర్లు తెరుచుకుంటాయి. బోర్డు పక్కన లైట్లు వెలుగుతాయి. అంతకుముందే నొక్కితే పావు సెకను పాటు మీ బజరు పనిచేయదు. పావు సెకనే కదా అనుకుంటాం, ఆలోపు పక్కవాడు జవాబు మొదలుపెడతాడు. ఇక మొదటి రెండు రౌండ్లు అయ్యేసరికి సున్నాలోనో మైనస్‌లోనో ఉన్నవాళ్లకి ఆఖరి ప్రశ్న ఆడే అవకాశమే ఉండదు. అరగంట కార్యక్రమంలో ప్రకటనలు పోను 61 ప్రశ్నలు. మన కౌన్ బనేగా కరోడ్‌పతికి గానీ, 2014లో నాగార్జునతో మొదలైన మీలో ఎవరు కోటీశ్వరుడికి గానీ ఉన్న నాటకం దీనికి లేదు. అక్కడ నాలుగు ఆప్షన్లు, లైఫ్‌లైన్లు, ఆడేవాళ్ల ఇంటి కథ, కళ్లనీళ్లు. అవి కూడా నాకిష్టమే. కానీ అక్కడ మనం చూసేది మనిషి జాతకం మారడాన్ని. ఇక్కడ చూసేది మనిషి ఆలోచించడాన్ని.

జెపర్డీ 40వ సీజన్ 2024 జులైలో ముగిసింది. 1984 సెప్టెంబరులో అలెక్స్ ట్రెబెక్ హోస్టుగా మొదలైన దినసరి కార్యక్రమం నుంచి లెక్క అది. అసలు షో పుట్టింది 1964 మార్చిలో, అంటే అటు చూస్తే షష్టిపూర్తి కూడా ఆ ఏడాదే. ఇంత పెద్ద పండగ సీజన్ మొదలైన తీరు మాత్రం పండగలా లేదు. 2023 మేలో హాలీవుడ్ రచయితలు సమ్మెకి దిగారు. జెపర్డీ ప్రశ్నలు రాసేవాళ్లూ ఆ రచయితల సంఘం సభ్యులే. కొత్త ప్రశ్నలు రాసేవాళ్లు లేక, సమ్మెకి ముందు రాసినవీ పాత ఆటల్లోవీ కలిపి బండి నడిపారు. ఇది నాకు నచ్చలేదు. రచయితలు రోడ్డు మీద ప్లకార్డులు పట్టుకుని నిలబడి ఉంటే వాళ్ల పాత చేతిరాతతోనే షో నడపడం ఏం మర్యాద? సమ్మె తేలేదాకా ఆడటానికి రామని కొందరు పాత విజేతలు అన్నారు కూడా. వాళ్లన్నది సబబే.

అయితే కొత్త ప్రశ్నలు లేనప్పుడు కొత్తవాళ్లని తెచ్చి ఆడించడం అన్యాయమనుకుని, షోవాళ్లు చేసిన పని ఒకటుంది. 37వ సీజన్‌లో ఓడిపోయినవాళ్లని మళ్లీ పిలిచారు. ట్రెబెక్ కేన్సర్‌తో పోయిన సీజన్ అది, కొవిడ్ రోజులు. అప్పుడు ఒక్క ఆట ఆడి ఇంటికెళ్లిపోయినవాళ్లకి మరో అవకాశం. పండగ సీజన్‌కి గొప్ప విజేతలని ముందు వరసలో కూర్చోబెట్టి హారతులివ్వడం ఎవరైనా చేస్తారు. ఓడినవాళ్లతో పందిరి రాట వేయడం, కారణం ఏదైనా, నాకు భలే నచ్చింది. ఆ టోర్నమెంట్లు ఒకదాని వెనక ఒకటి ఏప్రిల్ దాకా సాగి జనానికి విసుగొచ్చిన మాటా నిజమే. మా ఇంట్లో మామగారు తప్ప అందరం మధ్యలో మానేశాం.

ఓడినవాళ్ల మీద ఈ షోకి ఉన్న గౌరవం హోస్టుని చూసినా తెలుస్తుంది. కెన్ జెన్నింగ్స్ ఒకప్పుడు మనలాంటి సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. 2004లో వరసగా 74 ఆటలు గెలిచి 25 లక్షల డాలర్లకి పైగా పట్టుకెళ్లాడు. 75వ ఆటలో ఆఖరి ప్రశ్న ఒక కంపెనీ గురించి. వాళ్ల దగ్గర సీజన్‌కి చేరే 70 వేల మంది ఆఫీసు ఉద్యోగుల్లో ఎక్కువమంది ఏడాదికి నాలుగు నెలలే పనిచేస్తారు, ఆ కంపెనీ ఏది? అతను ఫెడెక్స్ అని రాశాడు. జవాబు హెచ్ అండ్ ఆర్ బ్లాక్, జనానికి టాక్సు రిటర్నులు నింపిపెట్టే కంపెనీ. ఈ దేశానికొచ్చిన మొదటి ఏడాది జీతం లెక్క చూపే డబ్ల్యూ-టూ కాగితం పట్టుకుని టాక్సుల కోసం అలాంటి ఆఫీసు మెట్లెక్కిన మనవాళ్లని అడిగితే నిద్రలో లేపినా చెబుతారు! 74 గెలుపులూ ఒక ఎత్తు, ఆ ఒక్క ఫెడెక్స్ ఒక ఎత్తు. ఆ మనిషినే 40వ సీజన్ మధ్యలో, 2023 డిసెంబరు నుంచి, రోజువారీ షోకి ఏకైక హోస్టుని చేశారు. ఎవరైనా తప్పు చెప్పినప్పుడు అతని "నో" ఎంత మెత్తగా ఉంటుందో గమనించండి.

40వ సీజన్ ఛాంపియన్ల టోర్నమెంటు గెలిచింది యోగేశ్ రౌత్. తెలుగువాడు కాకపోయినా మనవాడన్నట్టే ఇంట్లో అందరం చప్పట్లు కొట్టాం. అతను కూడా 2023లో మూడు ఆటలు గెలిచి నాలుగోది ఓడినవాడే. ఓడాక, క్విజ్ లోకం ఈ ఒక్క షోతో ఆగిపోలేదన్నట్టు రాసి అభిమానుల చేత మాటలు పడ్డాడు. తర్వాత తిరిగొచ్చి రెండున్నర లక్షల డాలర్ల బహుమతి గెలిచాడు.

జెపర్డీలో జవాబు ముందు చెప్పి ప్రశ్న అడగమనే పద్ధతి ఎలా వచ్చిందో చాలామందికి తెలుసు. 1950ల్లో ఇక్కడి క్విజ్ షోలలో కొందరికి ముందే జవాబులు చెప్పి ఆడించిన బండారం బయటపడింది. జనం నమ్మకం పోయింది. జెపర్డీ సృష్టికర్త మెర్వ్ గ్రిఫిన్ కొత్త షో ఎలా పెట్టాలా అని విమానంలో తల పట్టుకుంటే, భార్య జులాన్ "అయితే జవాబులు ముందే ఇచ్చేయండి" అని, 5,280 అనే అంకె చెప్పిందట. మైలుకి ఎన్ని అడుగులు? అదీ ప్రశ్న. ఇది చదివినప్పుడు నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. "అడవిలో పుట్టింది, అడవిలో పెరిగింది, మా ఇంటికొచ్చింది, తైతక్కలాడింది" అనేది. వర్ణనంతా ముందే చెప్పేసి, అదేమిటో మనల్ని పట్టుకోమనడం. పొడుపుకథకీ జెపర్డీకీ ఎంత దూరం చెప్పండి? (కవ్వం. మన పిల్లలకి కవ్వం చూపించడానికి ముందు చల్ల చిలకాలి, అది వేరే గొడవ.) తోచిందల్లా అంటూ పోతే అమ్మమ్మ ఒప్పుకునేది కాదు. "తెలీదని ఒప్పుకో, అప్పుడు విప్పుతా" అనేది. ఒప్పుకునేదాకా ఎంత గింజుకున్నా విప్పేది కాదు.

ఆ ఉగాది క్విజ్‌లో అసలు రభస ఆఖరి ప్రశ్న దగ్గర జరిగింది. తెలుగులో అక్షరాలెన్ని? క్విజ్ నడిపే ఆయన కార్డులో 56 అని ఉంది. ఒక బాబు 52 అన్నాడు. తప్పన్నారు. వాళ్ల నాన్న ఫోను పట్టుకుని స్టేజీ ఎక్కాడు. వెనక వరసలోంచి ఇంకొకాయన ఌ, ౡ ఎవడు వాడుతున్నాడండీ అని లేచాడు. మైకు చేతులు మారింది. పులిహోర చల్లారింది. పది నిమిషాల తర్వాత రెండు జవాబులూ ఒప్పేనని మార్కులిచ్చేసి సర్దేశారు. అంతసేపూ ఆ బాబు స్టేజీ మీద గంట పక్కన నిలబడే ఉన్నాడు. జెపర్డీలో రెండో స్థానానికి మూడు వేల డాలర్లు, మూడో స్థానానికి రెండు వేలు ఇస్తారు, 40వ సీజన్ నుంచే పెంచారు. విమానం ఖర్చు మామూలుగా ఆడేవాళ్లదే కాబట్టి చాలామందికి మిగిలేది పెద్దగా ఉండదు. అయినా ఓడినవాళ్లు చివర్లో హోస్టు పక్కకి వచ్చి నవ్వుతూ కబుర్లాడుకుంటూ కనిపిస్తారు. మన స్టేజీ మీద ఆ బాబుతో ఎవరూ మాట్లాడలేదు. నాతో సహా.

కాబట్టి కల్చరల్ కమిటీ వారికి నా మనవి. వచ్చే ఉగాది క్విజ్‌లో తప్పు జవాబుకి మార్కులు కోయండి. ప్రశ్న పూర్తయ్యాకే గంట కొట్టే రూలు పెట్టండి. మొన్న ఓడిన జట్లన్నిటికీ ముందు ఒక ఆట పెట్టి, అందులో గెలిచినవాళ్లని ఫైనల్స్‌కి తీసుకోండి. తల్లిదండ్రులు స్టేజీకి ఇరవై అడుగుల అవతలే ఉండాలని చెప్పండి, ఫోన్లతో సహా. పొడుపుకథల రౌండు ఒకటి తప్పనిసరిగా ఉండాలి. ఈ ప్రశ్నలన్నీ రాసే పని నేను తీసుకుంటాను, తెనాలి నుంచి మామగారు సాయం చేస్తానన్నారు. మా అమ్మాయిని మాత్రం ఆడించను, ప్రశ్నలు ఇంట్లోనే ఉంటాయి కాబట్టి. అది కూర్చుని మార్కులు వేస్తుందట.

అక్షరాలెన్ని అని మాత్రం అడగను.