మైన్‌క్రాఫ్ట్ సముద్రంలోని స్పాంజి గారికి

మహారాజశ్రీ స్పాంజి గారి సముఖమునకు, ఒడిశాలోని మల్కన్‌గిరి జిల్లా చిత్రకొండ నుంచి, పై కప్పు కారుతున్న ఒక ఇంటి యజమాని నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలని ఉన్నా, తమరు పొడిగా ఉండి నేను తడిసి ఉన్నప్పుడు ఆ మాట రాయడానికి చేయి రావడం లేదు.

తొమ్మిదో తరగతి చదువుతున్న మా మేనల్లుడు నెల రోజులుగా మైన్‌క్రాఫ్ట్ అనే కంప్యూటర్ ఆటలో, తమరి సముద్రం అడుగున కోట కడుతున్నాడు. అంతా ఘనాకారపు గడులతో పేర్చిన మీ లోకంలో రాయి గాలిలో వేలాడుతుంది గాని ఇసుక మాత్రం బుద్ధిగా కిందికి పడుతుంది కనుక, వాడు నీటిపై నిలబడి గడి తర్వాత గడి ఇసుక జారవిడిచి, అడుగు నుంచి పైదాకా నాలుగు వైపులా గోడ లేపాడు. లోపల మళ్లీ అడ్డుగోడలు పెట్టి గదులుగా విడగొట్టాడు. ఆ తర్వాత పసుపు రంగులో, చిల్లులతో ఉన్న తమరిని తెచ్చి గోడకు ఆనించాడు. ఒక్క క్షణంలో చుట్టూ ఉన్న నీరు మాయమై, అడుగున ఉన్న గులకరాళ్లు బయటపడ్డాయి. తమరు ఒక్క విడతలో 118 గడుల నీరు మింగగలరట. తడిసిన తమరిని కొలిమిలో పెట్టి ఆరబెడితే మళ్లీ పనికి సిద్ధమట. కొలిమిలో ఇంధనం వేసే చోట ఖాళీ బకెట్ ఉంచితే, అందులో నీరు కూడా నిండుతుందట!

అదే రాత్రి మా వెనక గదిలో ఐదు చోట్ల కారింది. రెండు బిందెలు, ఒక గంగాళం, రెండు చెంబులు పెట్టాక, ఆశ చావక వంటింట్లో గిన్నెలు తోమే స్పాంజిని తెచ్చి నేలమీద వేశాను. గిద్దెడు నీళ్లు తాగి చతికిలబడింది. తమరి వంశంలో ఇంత తేడా ఉంటుందని నేను అనుకోలేదు.

నీరు పల్లమెరుగు అన్నారు పెద్దలు. మీ నీటికి ఆ జ్ఞానమూ పరిమితమే: చదునైన నేలమీద ఏడు గడులు పారి అలసి ఆగిపోతుంది. పైగా దానికి బరువు లేదు. మా నీరు ప్రతి పది మీటర్ల లోతుకు ఒక వాతావరణ పీడనాన్ని మోపుతుంది గనుక, మా జిల్లాలోని బలిమెల ఆనకట్టకు అంత మందం అవసరమైంది. మీ అడుగున మామూలు గాజు పలక ఎంత లోతునైనా చెక్కుచెదరకుండా నిలబడుతుంది. నీటి అడుగున తలుపు ఒకటి బిగించి ఆ సందులో నిలబడితే చాలు, ఊపిరి ఆడుతుంది. వాస్తవానికి ఈ తలుపు సంగతి చదువుకున్న ఇంజనీర్లెవరికీ తెలియకుండా దాచడం న్యాయం కాదు.

ఒక్క విషయంలో మాత్రం మీ లోకం మా లోకాన్ని చక్కగా అనుకరించింది. సముద్ర మందిరంలో కాపలా ఉండే పెద్ద చేపలు మూడు, దగ్గరికి వచ్చినవాడి చేతికి నీరసం పట్టించి, పలుగు ఎత్తినా రాయి కదలకుండా చేస్తాయి. పాలు తాగితే నీరసం పోతుంది గాని, మందిరం దగ్గరే ఉంటే కాసేపటికి మళ్లీ పట్టుకుంటుంది. బలిమెల జలాశయంలో మునిగిన పొలానికి పరిహారం కాగితాలు పట్టుకుని మా తాత తిరిగిన ఒకానొక కార్యాలయంలో కూడా బల్లలు మూడే ఉండేవని, అక్కడికి వెళ్లొచ్చిన ప్రతిసారీ ఆయనకు రెండు రోజులు చేయి లేచేది కాదని మా అమ్మ చెప్పేది. అక్కడ పాలు కాదు, టీ నడిచేది. అది కూడా తాతే ఇప్పించేవాడు.

మీ సముద్రాలకు కొత్త హంగులెన్నో ఆట జావా రూపంలో 2018 జూలై 18న ఒక్క విడుదలలో వచ్చాయి: పగడాలు, మునిగిన ఓడలు, నీటి కింద ఊపిరినిచ్చే యంత్రం. సరిగ్గా ఎనిమిది రోజులకు, జూలై 26న, బలిమెల జలాశయం చుట్టుముట్టడంతో దశాబ్దాలుగా పడవల మీదే బతికిన 151 గ్రామాలకు 910 మీటర్ల గురుప్రియ వంతెన ప్రారంభమైంది. మీ గడి ఒక మీటరు కనుక 910 గడులే కదా అని మా వాడు ఒక్క సాయంత్రంలో ఆ వంతెన కట్టి చూపించాడు. “ఇంతకాలం ఎందుకు పట్టింది మావయ్యా?” అని అడిగాడు. నేను కప్పు వైపు చూశాను.

కావున మనవి ఏమనగా, మా తాత పొలం ఒక ఎకరం ఆ జలాశయం అడుగున ఉంది. లోతు 20 మీటర్లు అనుకుంటే దానిమీద దాదాపు 80,940 గడుల నీరు నిలిచి ఉన్నట్టు. తలకు 118 చొప్పున తమరివంటివారు 686 మంది దయచేస్తే సరిపోతుందని మా వాడు లెక్క తేల్చాడు. ఇసుక గోడ ఖర్చు మేము భరిస్తాం. ఆరబెట్టడానికి కొలిమి, పట్టడానికి బిందెలు ఇక్కడ ఉన్నాయి. వానాకాలం పోయేదాకా బిందెలు మాత్రం ఖాళీ ఉండవు.

ఇట్లు,
తమ విధేయుడు,
చిత్రకొండ