కూలీల దగ్గర చెప్పడానికేమీ ఉండదా?

కోనసీమ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. ముసలివాళ్ళ మాటలు రికార్డు చేయడం వట్టి కాలక్షేపమట, చరిత్ర కాదట. వాళ్ళకు తేదీలు గుర్తుండవు, కూలీనాలీ చేసుకునేవాళ్ళ దగ్గర చెప్పడానికేమీ ఉండదు, ఊరి పెద్దల్ని అడిగితే చాలు, ఖరీదైన మైకులు కావాలి, పైగా అడిగినా నోరు విప్పరు అంటోంది. చదువుకున్న స్నేహితులే దీన్ని పంపుతున్నారు.

మైకు అక్కర్లేదు. చేతిలో ఫోను చాలు. ఫ్యాను ఆపి, ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, మనిషికి దగ్గరగా ఉంచండి.

ఇక తేదీలు. 1996 తుపాను ఎప్పుడొచ్చిందంటే మామ్మ "నవంబరు 6" అనకపోవచ్చు. "దీపావళికి నాలుగు రోజుల ముందు" అంటే చాలదా? ఆ ఏడు దీపావళి నవంబరు 10న వచ్చింది. 1953 గోదావరి వరదనూ 1986 వరదనూ కలిపేసేవాళ్ళూ ఉంటారు. అలాంటప్పుడు ఇంకో ఇద్దర్ని అడిగి సరిచూసుకోవాలి.

నాకు ఒళ్ళు మండేది కూలీల మాట దగ్గరే. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర వరద 35 లక్షల క్యూసెక్కులు దాటిందని రికార్డుల్లో ఉంది. గట్టు తెగితే పాకల్లోవాళ్ళు పసిపిల్లల్ని ఎత్తుకుని ఎటు పరిగెత్తారు? ఎవర్ని మేడ మీదికి రానిచ్చారు, ఎవర్ని గట్టు మీదే ఉండిపొమ్మన్నారు? విప్పి వదిలేసిన గొడ్లు దొరికాయా? ఇవి ఏ రికార్డులో ఉన్నాయి? మేడ మీంచి చూసిన పెద్దాయన్ని అడిగితే మేడ మీంచి కనబడిన వరదే తెలుస్తుంది. నరసాపురం వైపు లేసు అల్లిన ఆడవాళ్ళ చేతికి ఎంత వచ్చిందో, మధ్యలో ఎవరెంత తిన్నారో ఊరి పెద్ద చెప్పగలడా? గోదావరి మధ్య లంకలో ఏటి కోతకు పోయిన పొలం గట్టు ఎక్కడుండేదో అందులో నాట్లేసినవాళ్ళకు తెలిసినట్టు ఎవరికి తెలుసు? ఒక్కసారైనా వాళ్ళ అరుగు మీద కూర్చోకుండా, వాళ్ళకు చెప్పడానికేమీ లేదని తేల్చే హక్కు మీకెవరిచ్చారు?

నోరు విప్పరన్నది మాత్రం కొంత నిజమే. తుపానులో బిడ్డను పోగొట్టుకున్న తల్లి చెప్పనంటే ఫోను లోపల పెట్టేయాలి. చెప్పాక ఎవరికీ వినిపించొద్దంటే వినిపించకూడదు. చరిత్రకు నష్టమైనా సరే. కానీ చాలామంది నోరు కట్టేసేది మనమే. కొడుకు పక్కన కూర్చుని మాటమాటకూ "అది కాదమ్మా" అని అడ్డొస్తుంటే ఆవిడేం చెబుతుంది? "ఆ రోజు పొద్దున్న ఏం చేస్తున్నారండీ?" అని అడిగి ఊరుకోండి. మధ్యలో ఆగినా తొందరపెట్టకండి. పేరు, ఊరు, తేదీ మొదట్లోనే రికార్డు చేసి, ఫైలు రెండుచోట్ల దాచి, ఒక కాపీ వాళ్ళింట్లోవాళ్ళకు ఇవ్వండి.