కావలెను: శనివారానికి ఒక ప్రాప్

పదిహేను మంది ఆడే రగ్బీ యూనియన్‌కు డబ్బు మైల సోకకుండా నూరేళ్లు కాపలా కాసిన పెద్దమనుషులకు ముందుగా నమస్కారాలు. 1895 ఆగస్టు 29న ఇంగ్లండ్‌లోని హడర్స్‌ఫీల్డ్‌లో, జార్జ్ హోటల్‌లో కూర్చుని ఉత్తరాది క్లబ్బులు వేరు కాపురం పెట్టాయి. వాళ్ల కోరిక ఘోరమైనదే మరి. శనివారం గనిలోనో మిల్లులోనో పని మానుకుని ఆడినవాడికి పోయిన కూలీ కింద ఆరు షిల్లింగులు ఇవ్వాలట! లండన్ పెద్దలు ససేమిరా అన్నారు. అటు వెళ్లినవాళ్ల ఆట కాలక్రమంలో పదమూడు మంది ఆడే రగ్బీ లీగ్ అయింది. ఇటు మడి మరింత బిగిసింది. లీగ్‌లో డబ్బు తీసుకుని ఆడినవాడు తిరిగొచ్చి సొంతూరి క్లబ్బు నాలుగో జట్టులో ఆడుకుంటానన్నా గేటు దగ్గరే ఆపేవారు. 1980లో ఇంగ్లండ్‌కు గ్రాండ్ స్లామ్ (ఆ ఏటి పోటీలో అన్ని మ్యాచ్‌ల గెలుపు) తెచ్చిపెట్టిన కెప్టెన్ బిల్ బ్యూమాంట్ రిటైరయ్యాక ఆత్మకథ రాసి, దాని రాయల్టీ తనే ఉంచుకున్నాడు. అంతే, ఆయన్ని ప్రొఫెషనల్ కింద లెక్కగట్టి ఆటకు దూరం పెట్టారు. తర్వాత 2016లో ఆయన్నే తీసుకెళ్లి ప్రపంచ రగ్బీ సంస్థకు అధ్యక్షుణ్ణి చేశారు, అది వేరే సంగతి.

హడర్స్‌ఫీల్డ్ ముచ్చటకు సరిగ్గా నూరేళ్లు నిండుతుండగా, 1995 ఆగస్టు చివర్లో, పారిస్‌లో సమావేశమైన అంతర్జాతీయ బోర్డు ఇకపై ఎవరైనా డబ్బు తీసుకోవచ్చని ప్రకటించింది. ఆనాటి నుంచీ ఒకటే శోకాలు. క్లబ్బులకు కుర్రాళ్లు రావడం లేదు, ఐదు జట్లున్న చోట రెండు మిగిలాయి, శనివారం మధ్యాహ్నం మైదానంలో గడ్డి తప్ప ఏమీ కదలడం లేదు. ఇందులో ఏడవడానికి ఏముందో అర్థం కాదు. ఒక పని ఇంత శాస్త్రోక్తంగా, ఏ మెట్టూ వదలకుండా జరిగినప్పుడు మెచ్చుకోవాలి. ఎలా జరిగిందో రాసి పెట్టుకుంటే మిగతా ఆటలవాళ్లకూ పనికొస్తుంది.

మొదట క్లబ్బు అంటే ఏమిటో చూద్దాం. ఇంగ్లండ్‌లో ఓ మోస్తరు ఊరి క్లబ్బులో ఫస్ట్ ఫిఫ్టీన్ అనే మొదటి జట్టు ఉంటుంది. దాని కింద రెండు, మూడు, నాలుగు. మొదటి జట్టు గెలవడం కోసం ఆడుతుంది. నాలుగోది ఆడడం కోసం ఆడుతుంది. అందులో వెల్డరు, స్కూలు మాస్టారు, మోకాలు అరిగిన మాజీ కెప్టెన్, పొద్దున పెళ్లాంతో గొడవపడి వచ్చినవాడు, పొరపాటున కారులో బూట్లు ఉండిపోయినవాడు ఉంటారు. కంటికి ఆనని ఈ నాలుగో జట్టే క్లబ్బుకు పునాది. సభ్యత్వ రుసుము కట్టేది వాళ్లు, ఆదివారం పిల్లలకు నేర్పేది వాళ్లు, మైదానానికి సున్నం గీతలు గీసేది వాళ్లు, అన్నిటికీ మించి ఆట అయ్యాక బారులో చీకటి పడేదాకా కూర్చునేదీ వాళ్లే. కాబట్టి క్లబ్బును ముగించాలనుకునేవాడు మొదటి జట్టు జోలికి పోనక్కర్లేదు. దానికి కోచ్‌ను పెట్టండి, వీడియో విశ్లేషణ పెట్టండి, ఘనంగా చూసుకోండి. కిందిది దానంతటదే రాలిపోతుంది.

రాలడం గురువారం సాయంత్రం మొదలవుతుంది. మంగళ, గురువారాలు ప్రాక్టీసు. గురువారం మొదటి జట్టు టైట్‌హెడ్ ప్రాప్‌కు, అంటే స్క్రమ్ అనే తోపులాటలో ముందు వరుస కుడి చివర నిలబడే బరువైనవాడికి, పిక్క పట్టేసిందనుకుందాం. రెండో జట్టు టైట్‌హెడ్ పైకి వెళ్తాడు. మూడోవాడు రెండోదానికి, నాలుగోవాడు మూడోదానికి. శుక్రవారం రాత్రి పది గంటలకు నాలుగో జట్టు కెప్టెన్ ఫోన్ పట్టుకుని చూస్తే పదమూడు మంది ఉంటారు, అందులో పదకొండు మంది వింగ్‌లో, అంటే మైదానం అంచున పరుగెత్తే చోట, ఆడతామనేవాళ్లే. వాట్సాప్ గ్రూపులో ‘రేపు ప్రాప్ కావలెను’ అని పెడతాడు. నలభై మంది చూసినట్టు నీలం టిక్కులు పడతాయి. ఒకడు బొటనవేలు గుర్తు పెడతాడు. ఆ గుర్తు వస్తాననా, పాపం అనా అన్నది శనివారం మధ్యాహ్నం దాకా తేలదు.

మిగతా స్థానాల్లో ఎవర్నో ఒకర్ని నిలబెట్టొచ్చు. ఫ్రంట్ రోలో, అంటే స్క్రమ్ ముందు వరుసలో కుదరదు, నిబంధన ఒప్పుకోదు. పదిహేను మందితో వచ్చిన జట్టులో ముందు వరుసకు తగిన శిక్షణ ఉన్నవాళ్లు ముగ్గురు ఉండాలి. 16 నుంచి 18 మంది ఉంటే నలుగురు, 19 నుంచి 22 ఉంటే ఐదుగురు, 23 ఉంటే ఆరుగురు. అంటే ఎక్కువమందిని పోగేసుకొచ్చిన పుణ్యాత్ముడికి ఎక్కువమంది లావుపాటివాళ్లు కావాలి. ఇది అధికారుల చాదస్తమనుకోకండి. స్క్రమ్‌లో ఇటు ఎనిమిది మంది, అటు ఎనిమిది మంది తోసే తోపంతా ఆ ముందు వరుస మెడల మీదా భుజాల మీదా పడుతుంది. ఎడమ చివరనుండే లూస్‌హెడ్ ప్రాప్‌కు ఎడమవైపు కాస్త గాలి ఆడుతుంది. టైట్‌హెడ్ తల మాత్రం ఎదుటి లూస్‌హెడ్‌కూ, వాళ్ల వరుస మధ్యలో ఉండే హుకర్‌కూ నడుమ ఇరుక్కుంటుంది. రిఫరీ ‘క్రౌచ్, బైండ్, సెట్’ అన్నాక భుజాలు తుంటి కన్నా కిందికి దిగకూడదు, వీపు వంగకూడదు, కాళ్లు మరీ వెనక్కి పోకూడదు. అలవాటు లేనివాడు భయంతో తల దించేస్తాడు, తుంటి పైకి లేస్తుంది, మొత్తం వరుస ముఖాల మీద కూలుతుంది. మెడ ఎముక విషయంలో రెండో అవకాశం ఉండదు.

అందుకని ప్రాప్ దొరక్కపోతే తోపు లేని స్క్రమ్ ఆడిస్తారు. ఇరుపక్షాలూ మర్యాదగా ఒకరి భుజాల మీద ఒకరు చేతులేసుకుని నిలబడతారు, బంతి వేసినవాళ్లే తీసుకుంటారు. పదిహేను మంది లేకపోతే ఇరువైపులా సమానంగా తగ్గించుకునైనా ఆడుకోండని ఇంగ్లండ్ రగ్బీ సంఘం ఆర్‌ఎఫ్‌యూ వెసులుబాటు ఇచ్చింది. మంచి మాటే. కాకపోతే వంద కిలోల మనిషి వారమంతా ఎదురుచూసేది ఆ తోపు కోసమే. అది తీసేశాక అతనికి మిగిలేది వానలో ఎనభై నిమిషాల పరుగు. వచ్చే వారం అతనికి కూడా పిక్క పట్టేస్తుంది.

ఇక డబ్బు సంగతి. నేరమంతా 1995దే అనడం అన్యాయం, 1987కి దక్కాల్సిన వాటా దానికి ఇవ్వాలి. అప్పటిదాకా ఇంగ్లండ్‌లో క్లబ్బులు ఏటా ఎవరితో ఆడాలో పాత స్నేహాల మీద ఉత్తరాలు రాసుకుని కుదుర్చుకునేవి. ఆ ఏడు ఒక బీరు కంపెనీ పేరుతో దేశమంతా మెట్లు మెట్లుగా లీగ్‌లు వచ్చాయి. గెలిస్తే పై మెట్టు, పై మెట్టుకెళ్తే పక్క ఊరు పోయి మూడు గంటల దూరంలో ఊరు. పొద్దున్నే బస్సెక్కి రాత్రికి ఇల్లు చేరే శనివారాలకు ముప్పై ఏళ్లు దాటిన సంసారులు దండం పెట్టేశారు. వాళ్ల చోట్లోకి మ్యాచ్‌కింత అని కవరు తీసుకునే ఆటగాళ్లు వచ్చారు. అది కూడా ప్రొఫెషనల్ లీగ్ దరిదాపుల్లో లేని, రెండొందల మంది చూసే ఆటల్లో! పక్క క్లబ్బు ఇరవై పౌండ్లు ఎక్కువిస్తే కవరు అటు నడుస్తుంది. కవర్లకు సొమ్మెక్కడిది? నాలుగో జట్టు తాగిన బీరు మీద వచ్చిన లాభం. తనను తరిమేసేవాడికి తనే ఖర్చు పెట్టుకునే ఈ ఏర్పాటుకు ఆర్థిక శాస్త్రంలో పేరుందో లేదో గానీ, పనితీరులో మాత్రం లోపం లేదు.

పైమెట్టు ఎక్కినవాళ్లయినా సుఖపడ్డారా అంటే, 1861లో పుట్టిన రిచ్‌మండ్ క్లబ్బు చరిత్ర చూడండి. ఒక ధనవంతుడి అండతో అందరికన్నా ముందు పూర్తి జీతాల జట్టయింది. 1999కల్లా ఆయన చేతులెత్తేయడం, క్లబ్బు దివాళా తీయడం అయిపోయాయి. ఔత్సాహిక క్లబ్బుగా లీగ్‌ల కింది మెట్ల నుంచి మళ్లీ మొదలుపెట్టి, 2016లో రెండో అంచె ఛాంపియన్‌షిప్‌కు ఎక్కింది. 2022-23 సీజన్ మరీ ముచ్చటైనది. వూస్టర్, వాస్ప్స్, లండన్ ఐరిష్, మొదటి అంచె ప్రీమియర్‌షిప్‌లోని మూడు క్లబ్బులు ఒకదాని వెంట ఒకటి కుప్పకూలాయి. వాటిలో వాస్ప్స్ 1867 నాటిది. 1871లో ఆర్‌ఎఫ్‌యూ స్థాపన సమావేశానికి వీళ్ల ప్రతినిధులు తప్పు పబ్బుకు వెళ్లి తాగుతూ ఉండిపోయారని, అందుకే వ్యవస్థాపక క్లబ్బుల జాబితాలో పేరు లేదని ఒక కథ ప్రచారంలో ఉంది. ఆ సంప్రదాయానికి వారసులైన ఔత్సాహిక వాస్ప్స్ పశ్చిమ లండన్‌లోని ఆక్టన్‌లో ఇప్పటికీ ఆడుతున్నారు. జీతాలిచ్చిన జట్టు పోయింది, చందాలు కట్టేవాళ్ల జట్టు మిగిలింది. నిపుణులు ఈ విషయాన్ని ఇంకా అధ్యయనం చేస్తున్నట్టున్నారు.

కుర్రాళ్ల మాట. పదిహేనేళ్లకు బాగా ఆడేవాణ్ణి పెద్ద క్లబ్బు అకాడమీ తీసుకెళ్తుంది. ప్రోటీన్ పొడి, బరువులు, వీపుకు జీపీఎస్. పద్దెనిమిదేళ్లకు వాళ్లలో చాలామందికి ‘నువ్వు సరిపోవు బాబూ’ అని చెబుతారు. ఆ పిల్లాడు ఊరి క్లబ్బుకు తిరిగొస్తాడని పెద్దల అంచనా. మూడేళ్లపాటు ఆటను ఉద్యోగంలా చేసినవాడు, ఉద్యోగం ఊడాక అదే ఆఫీసుకు ఉత్తినే ఎందుకొస్తాడు?

తలదెబ్బ తగిలితే కనీసం 21 రోజులు మ్యాచ్ ఆడకూడదన్న నియమం మాత్రం వేళాకోళానికి లొంగదు. అది ముమ్మాటికీ సరైనదే. 2023 జనవరిలో ఔత్సాహికుల ఆటలో ట్యాకిల్ (బంతి ఉన్నవాణ్ణి పట్టి పడేయడం) నడుము కిందే ఉండాలని ఆర్‌ఎఫ్‌యూ ఉన్నట్టుండి ప్రకటించి, క్లబ్బులన్నీ తిరగబడితే క్షమాపణ చెప్పి, చివరికి రొమ్ము ఎముక కింది అంచు దగ్గర స్థిరపడింది. ఉద్దేశం మంచిదే. ఆడేవాళ్లను ఒక మాట అడగాలన్నది మాత్రం చివర్న తట్టింది.

చివరి మెట్టు బారు. అతిథి జట్టుకు భోజనం పెట్టడం, ఓ జగ్గు బీరు పంపడం పాత మర్యాద. ఇప్పుడు కార్లో వచ్చి, ఓ సోడా తాగి, ఐదింటికల్లా వెళ్లిపోతున్నారు. ఆరు దేశాల సిక్స్ నేషన్స్ పోటీ ఉన్న శనివారమైతే అసలు రారు, ఇంట్లోనే టీవీ ఉంది. బారు మూతపడితే క్లబ్బుకు ఏమవుతుందో రుజువు కావాలంటే ఇంగ్లండ్ దాకా పోనక్కర్లేదు. 1873లో తెల్లదొరలు కలకత్తాలో రగ్బీ క్లబ్బు పెట్టారు. ఉచితంగా పోసే బారు ఎత్తేయగానే సభ్యులు పలచబడ్డారు. ఎండలో ఈ బాధెందుకని టెన్నిస్‌కూ పోలోకూ పోయారు. 1878లో క్లబ్బు మూసేస్తూ, బ్యాంకులో మిగిలిన సొమ్మును వెండి రూపాయలుగా తీసి, కరిగించి, మూడు నాగుపాము పిడులతో, మూత మీద ఏనుగుతో ఒక కప్పు చేయించి ఇంగ్లండ్‌కు పంపేశారు. అదే కలకత్తా కప్. 1879 నుంచి ఇంగ్లండ్, స్కాట్లండ్ జట్లు దాని కోసం ఒళ్లు హూనం చేసుకుంటున్నాయి. అంతర్జాతీయ రగ్బీలో అతి పాత ట్రోఫీ ఒక చచ్చిపోయిన క్లబ్బు అస్థికలన్నమాట.

ఈ బాధలన్నీ ముందే గ్రహించి మనవాళ్లు తెలివిగా అడ్డదారి తొక్కారు. 2025లో రగ్బీ ప్రీమియర్ లీగ్ మొదలైంది. హైదరాబాద్ హీరోస్ అని మనకూ ఒక జట్టుంది. మొదటి సీజన్ ఆటలన్నీ ముంబైలోనే జరిగాయి కాబట్టి హైదరాబాద్‌లో మైదానం వెతకాల్సిన పనీ, సున్నం గీతలు గీయాల్సిన పనీ, శుక్రవారం రాత్రి ఫోన్లు చేయాల్సిన పనీ ఎవరికీ పడలేదు. పైగా అది ఏడుగురి ఆట. స్క్రమ్‌కు అటు ముగ్గురు, ఇటు ముగ్గురు చాలు. ఇందులో ప్రాప్ కూడా లేడిలా పరిగెత్తాల్సిందే. లావుపాటివాడి సంగతేమిటంటారా, అతనికి మంచి సీటుంది. ముందుగా బుక్ చేసుకోవాలి.