సెమిస్టర్ అంతా ఒకే లెక్క

మన వీకెండ్ పార్టీల్లో ఎవరి అబ్బాయికైనా పెద్ద కంపెనీలో ఇంటర్న్‌షిప్ వచ్చిందంటే ఆ సంగతి అరగంటలో హాలంతా పాకుతుంది. అదే ఒక అమ్మాయి "ఈ సెమిస్టర్ మ్యాథ్స్‌లో రీసెర్చ్ ప్రాజెక్ట్ పూర్తి చేశాను ఆంటీ" అంటే రెండే ప్రశ్నలు: పేపర్ పబ్లిష్ అయిందా? దాంతో జాబ్ వస్తుందా? నేను ఇక్కడ అమెరికాలో ఒక స్టేట్ యూనివర్సిటీలో గణితం చెబుతాను, ఇలాంటి ప్రాజెక్టులు చేయిస్తాను. ఆ రెండు ప్రశ్నలూ మానేద్దామని నా మనవి. మొదటిదైతే తప్పకుండా.

అసలు ఆ పిల్లలు చేసే పనేమిటి? ఒక ఉదాహరణ చెబుతాను. ఒకప్పుడు బ్రిటన్‌లో మెక్‌డొనాల్డ్స్ చికెన్ నగెట్స్‌ను 6, 9, 20 ముక్కల డబ్బాల్లో అమ్మేది. ఆ డబ్బాలతో సరిగ్గా 43 ముక్కలు కొనలేం. 44 నుంచి ఎన్ని కావాలన్నా కొనొచ్చు. డబ్బాలు రెండు సైజుల్లోనే ఉంటే లెక్క తేలిక. 5, 7 అనుకోండి. రెండూ గుణించి, వచ్చినదాంట్లోంచి ఆ రెండూ తీసేస్తే 23. కొనలేని వాటిలో అదే పెద్దది. ఒకటి తప్ప ఉమ్మడి కారణాంకం లేని ఏ రెండు సంఖ్యలకైనా ఇది పనిచేస్తుంది. మూడో సైజు వచ్చిందంటే మాత్రం కథ మారిపోతుంది. కూడికలు, గుణకారాలతో తేలిపోయే ఇలాంటి సూత్రం మూడేసి సంఖ్యల జట్లు, అంటే త్రయాలు, అన్నిటికీ కుదరదని 1990లో నిరూపించారు కూడా. అందుకని విద్యార్థులు ఏదో ఒక ప్రత్యేకమైన త్రయాల కుటుంబాన్ని ఎంచుకుని, కనీసం అక్కడ ఏం జరుగుతుందో చూస్తారు.

మొదటి కొన్ని వారాలు పాత పేపర్లు చదవడమే. ఒక్క పేజీ అర్థం కావడానికి వారం పడితే అది మామూలే. తర్వాత పైథాన్‌లోనో, సేజ్ అనే గణిత సాఫ్ట్‌వేర్‌లోనో ప్రోగ్రాం రాసి వేల త్రయాలు పరీక్షిస్తారు. ఏదో క్రమం కనిపిస్తుంది, సంబరపడతారు. ఇంకాస్త పెద్ద సంఖ్యల దగ్గర అది చెడిపోతుంది. ఊహ సరిచేసుకుని నిరూపణకు కూర్చుంటే ఒకచోట బండి ఆగిపోతుంది. ప్రతి వారం మీటింగ్‌కి వచ్చి "ఈ వారం కూడా ఏమీ తేలలేదు" అని చెప్పుకోవాలి. చివరికి లేటెక్ అనే, గణితం టైపు చేసే సాఫ్ట్‌వేర్‌లో రిపోర్టు, డిపార్ట్‌మెంట్ కారిడార్‌లో పోస్టర్.

ఆ తేలని వారాలే మన పిల్లలకు కొత్త. ఎంసెట్ రాసిన తరానికి మూడు నిమిషాల్లో తేలని లెక్కను వదిలేసి ముందుకెళ్ళమని నేర్పారు. ఆ పరీక్షకు అది మంచి సలహానే! ఆ అలవాటునే మనం ఇక్కడికి తెచ్చి మ్యాథ్ కాంపిటీషన్ల పేరుతో పిల్లలకు అంటించాం. జవాబు ఎవరికీ తెలియని ప్రశ్న దగ్గర నెలల తరబడి ఉండటం వాళ్ళకు ఇంకెక్కడా తగలదు.

ఇక పేపర్ సంగతి. విద్యార్థుల గణితం కోసం మంచి జర్నల్స్ ఉన్నాయి. 2008లో మొదలైన 'ఇన్వాల్వ్'లో రచయితల్లో కనీసం మూడో వంతు విద్యార్థులే ఉండాలి. కానీ రివ్యూలు, దిద్దుబాట్లు సెమిస్టర్ క్యాలెండర్ చూసుకుని నడవవు. డబ్బు కడితే పేపర్ గ్యారంటీ అనేవాళ్ళ జోలికి మాత్రం దయచేసి పోకండి.

ఉద్యోగం గురించి ఒక్క మాట. వారం వారం పని చూసిన ప్రొఫెసర్ రాసే సిఫారసు లేఖ, ఎ గ్రేడ్ ఒక్కటే చూసి రాసే లేఖ కంటే చాలా బరువుంటుంది.

ఇండియా నుంచి వచ్చి ఎఫ్-1 వీసా మీద డిగ్రీ చదివేవాళ్ళకు ఇది ఇంకా ముఖ్యం. నేషనల్ సైన్స్ ఫౌండేషన్ డబ్బుతో 1987 నుంచి నడుస్తున్న వేసవి ఆర్‌ఈయూ (డిగ్రీ విద్యార్థుల రీసెర్చ్) కార్యక్రమాల్లో ఆ నిధులు సిటిజన్లకూ గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకే. సొంత కాలేజీలో క్రెడిట్ కోసం చేసే ప్రాజెక్టుకు ఆ షరతు లేదు. అడగడానికి మొహమాటపడకండి, అంతే.

గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారి పేరు మన సభల్లో తరచూ వింటాం. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివిన ఆయన, ఇరవైల్లో ఉండగానే కలకత్తాలో పాఠం చెబుతున్నప్పుడు దండేకర్ అనే విద్యార్థి ఒక సందేహం అడిగాడు: పెద్ద శాంపిల్స్‌కి చెప్పిన ఈ ఫలితం చిన్నవాటికి కూడా నిలుస్తుందా? ఆ రాత్రి కూర్చుని రావు గారు సాధించినదే 1945లో అచ్చయి, అంచనాల్లో తప్పు ఎంతకంటే తగ్గదో చెప్పే క్రామర్–రావు అసమానతగా ప్రపంచానికి తెలిసింది. మనం రావు గారికి దండలు వేస్తాం. ఆ ప్రశ్న అడిగిన కుర్రాడు ఎవరికీ గుర్తుండడు.

మన సంఘానికి నాదొక ప్రతిపాదన. వచ్చే మహాసభల్లో యూత్ వేదిక పక్కన కొన్ని బల్లలు వేయించండి. ప్రాజెక్టు పూర్తి చేసిన పిల్లలు, ఏమీ తేలకపోయినా సరే, పోస్టర్లు పెట్టుకుంటారు. వచ్చిన తాతయ్యలకూ అమ్మమ్మలకూ ఐదు నిమిషాలు వచ్చీరాని తెలుగులోనే వివరిస్తారు. బల్లలు, పోస్టర్ల ప్రింటింగ్ నేను చూసుకుంటాను. ఫస్ట్ ప్రైజు, సెకండ్ ప్రైజు మాత్రం పెట్టొద్దు.