పడవ ఎక్కలేరని పెద్దవాళ్లను బెంచీ మీద కూర్చోబెట్టకండి

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి తల్లిదండ్రులు బయలుదేరే వేసవి రాగానే ఒక వాట్సాప్ మెసేజ్ మళ్లీ తిరగడం మొదలుపెడుతుంది. ఈసారి మా కుటుంబం గ్రూపులోకే మూడుసార్లు వచ్చింది. అందులో ఉన్నది ఇది: "మోకాళ్లు పనిచేయని పెద్దవాళ్లను, వీల్‌చైర్‌లో ఉన్నవాళ్లను డిస్నీ పార్కులకు తీసుకెళ్లి డబ్బు తగలేయకండి. పడవ రైడ్స్ ఒక్కటీ ఎక్కలేరు. ఎక్కాలని పట్టుబడితే అక్కడి చట్టం ప్రకారం స్టాఫే ఎత్తి కూర్చోబెట్టాలి, గట్టిగా అడగండి. వీల్‌చైర్ ఉంటే క్యూ తప్పుతుంది, అదొక్కటే లాభం. రైడ్ మధ్యలో ఆగితే మాత్రం ప్రాణం మీదికి వస్తుంది. మన దేశంలో అయితే చట్టమే లేదు కాబట్టి ఆ ఆశే వద్దు."

రాసినవాళ్లకు చెడ్డ ఉద్దేశం ఉందని నేను అనుకోవడం లేదు. కానీ ఈ మెసేజ్ నమ్మి ఎంతోమంది తమ అమ్మనో నాన్ననో ఇంట్లోనే ఉంచేసి వెళ్తారు. లేదా తీసుకెళ్లి, మిగతావాళ్లు రైడ్‌కి వెళ్లినంతసేపూ బ్యాగులకు కాపలాగా బెంచీ మీద కూర్చోబెడతారు. మా నాన్నకు స్ట్రోక్ వచ్చి ఎడమ కాలు, ఎడమ చెయ్యి పట్టుతప్పాయి. రెండేళ్ల కిందట ఫ్లోరిడాలో ఉన్న మా చెల్లెలి దగ్గరికి వెళ్లినప్పుడు మేమూ ఆయన్ని అలాగే కూర్చోబెట్టబోయాం. మా చెల్లెలే ఒప్పుకోలేదు. అందుకే ఈ మెసేజ్‌లోని ఒక్కో మాటకూ జవాబు రాయాలనిపించింది.

"పడవ రైడ్స్ ఒక్కటీ ఎక్కలేరు."

ఇది తప్పు. అన్నీ ఎక్కగలరనడం కూడా అంతే తప్పు. ప్రతి రైడ్‌కీ విడిగా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: వీల్‌చైర్‌లో కూర్చునే పడవలోకి వెళ్లవచ్చా, లేక వీల్‌చైర్ దిగి పడవ సీటులోకి మారాలా? ఈ తేడా తెలిస్తే సగం టెన్షన్ పోతుంది.

"ఇట్స్ ఎ స్మాల్ వరల్డ్" అనే రైడ్ చాలామందికి తెలుసు. దాన్ని 1964లో న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శన కోసం కట్టారు. 1966లో కాలిఫోర్నియాలోని డిస్నీల్యాండ్‌కి తెచ్చారు. పడవ చదునైన కాలువలో మెల్లగా సాగుతుంది. ఎక్కడా జారదు, దూకదు. ఆ పడవల్లో కొన్నింటిని వీల్‌చైర్ లోపలికి తోసుకెళ్లి నిలపడానికి వీలుగా మార్చారు. ఫ్లోరిడా పార్కులోనూ అలాంటి పడవలున్నాయి. మా నాన్న ఎక్కింది అక్కడే. కుర్చీలోంచి ఒక్కసారి కూడా లేవలేదు. పక్కన మనవరాలు కూర్చుని ఏ బొమ్మ ఏ దేశానిదో చెబుతుంటే, ఆయన దాన్ని మళ్లీ మళ్లీ అడిగారు. స్ట్రోక్ తర్వాత ఆయన అంతసేపు వరుసగా మాట్లాడటం మేం చూడలేదు.

అదొక్కటే కాదు. ఫ్లోరిడాలోని "జంగిల్ క్రూజ్"లో వీల్‌చైర్‌ను దించే లిఫ్ట్ ఉన్న పడవలున్నాయి. ఎప్‌కాట్ పార్కులో తోటల మధ్య నుంచి సాగే "లివింగ్ విత్ ద ల్యాండ్", మెక్సికో మండపంలోని "గ్రాన్ ఫియెస్టా టూర్" కూడా కుర్చీ దిగకుండా వెళ్లగలిగేవే. నడవలేక బ్యాటరీతో నడిచే కుర్చీలాంటి స్కూటర్ మీద తిరిగేవాళ్లకు ఒక జాగ్రత్త: స్మాల్ వరల్డ్ లాంటి చోట స్కూటర్‌ను పడవలోకి రానివ్వరు, మామూలు వీల్‌చైర్‌లోకి మారాలి.

ఇక కుదరనివి. "పైరేట్స్ ఆఫ్ ద కరీబియన్"కు కుర్చీ దిగి పడవలోకి మారాల్సిందే. కాలిఫోర్నియాలో 1967లో, ఫ్లోరిడాలో 1973లో మొదలైన ఈ రైడ్‌లో పడవ చీకట్లో కిందికి జారుతుంది. కాలిఫోర్నియాలో అయితే రెండుసార్లు. అలా జారే పడవలో కుర్చీని ఉంచకపోవడానికి కారణం అర్థమవుతుంది. 2016లో పాత పడవ రైడ్‌ను మార్చి పెట్టిన "ఫ్రోజెన్ ఎవర్ ఆఫ్టర్" కూడా అంతే.

నాకు మింగుడుపడనిది "నావీ రివర్ జర్నీ". దాన్ని 2017లో కొత్తగా కట్టారు. జారుడు లేదు, కుదుపు లేదు, వెలుగుల అడవిలో మెల్లగా పోయే పడవ. అయినా కుర్చీ దిగాల్సిందే. 1960ల్లో పుట్టిన స్మాల్ వరల్డ్‌లో కుదిరింది, అర్ధ శతాబ్దం తర్వాత కొత్తగా కట్టినదాంట్లో కుదరకపోవడం ఏమిటి? అడ్డం నీళ్లు కాదు, పడవ కూడా కాదు. నమూనా గీసేటప్పుడు ఎవరిని తలచుకున్నారన్నదే తేడా. డిస్నీ అంటే అంతా బాగుందని చెప్పడానికి నేను ఇది రాయడం లేదు.

ఎక్కించడం అసలు కుదరనప్పుడు ఇంకో దారి వెతికిన సందర్భమూ ఉంది. డిస్నీల్యాండ్‌లో 2007లో తెరిచిన నీమో సబ్‌మెరైన్ రైడ్‌లోకి మెలికల మెట్లు దిగి వెళ్లాలి. దిగలేనివాళ్లు అదే ప్రయాణాన్ని తెర మీద చూసేందుకు ఒడ్డున ఒక గది పెట్టారు. అసలు దానితో సమానం కాదు, నిజమే. బెంచీ కంటే చాలా నయం.

"చట్టం ప్రకారం స్టాఫే ఎత్తి కూర్చోబెట్టాలి."

మెసేజ్ మొత్తంలో అన్నిటికంటే ప్రమాదకరమైన మాట ఇదే.

అమెరికా వికలాంగుల చట్టం 1990లో వచ్చింది. రైడ్స్‌కి సంబంధించిన కొలతలున్న ప్రమాణాలు 2012 మార్చి 15 నుంచి తప్పనిసరి అయ్యాయి. కొత్తగా కట్టేవాటికి, మార్పులు చేసేవాటికి అవి వర్తిస్తాయి. వాటి ప్రకారం రైడ్‌లో కనీసం ఒక వీల్‌చైర్ పట్టే చోటు ఉండాలి, లేదా కుర్చీలోంచి మారడానికి అనువైన సీటు ఉండాలి, లేదా మారడానికి తోడ్పడే పరికరం ఉండాలి. మూడింటిలో ఏదైనా ఒకటి చాలు. వీల్‌చైర్ చోటంటే 30 అంగుళాల వెడల్పు, 48 అంగుళాల పొడవు. మారే సీటు ఎక్కే గట్టు మీంచి 14 నుంచి 24 అంగుళాల ఎత్తులో ఉండాలి. కుర్చీ దిగాల్సిన రైడ్స్ ఇంకా కొత్తగా ఎందుకు వస్తున్నాయో ఇక్కడ తెలుస్తుంది. ఉద్యోగులు మనిషిని ఎత్తాలని మాత్రం అందులో లేదు. డిస్నీలో ఉద్యోగులు ఎవరినీ ఎత్తరు. ఆ సాయం వెంట వచ్చినవాళ్లే చేయాలి.

ఇది కఠినంగా అనిపించవచ్చు. నాకూ ఒకప్పుడు అలాగే అనిపించేది. ఒక సంఘటన తర్వాత మనసు మారింది. అమెరికా వెళ్లకముందు మన దగ్గరే ఒక చెరువులో బోటింగ్‌కి వెళ్లాం. గట్టుకీ పడవకీ మధ్య జానెడు ఖాళీ, రెండడుగుల దిగుడు. "మేం ఉన్నాం సార్" అంటూ ఇద్దరు కుర్రాళ్లు నాన్న చంకల కింద చేతులు వేసి లేపేశారు. సాయం చేయాలన్న తపనే తప్ప వాళ్లలో ఇంకేమీ లేదు. కానీ స్ట్రోక్ వచ్చిన వైపు భుజం కండరాలకు పట్టు ఉండదు. ఆ చెయ్యి పట్టి లాగితే కీలు జారే ప్రమాదముంది. నాన్న భుజం నొప్పి తగ్గడానికి నెలన్నర పట్టింది. అంతకంటే ఎక్కువగా ఆయన్ని బాధపెట్టింది నలుగురి మధ్యలో పంచె జారిపోవడం. ఆ రోజు తర్వాత చాలాకాలం బయటికి రానన్నారు.

అందుకే చెబుతున్నాను, గట్టిగా అడగాల్సింది ఎత్తమని కాదు. సీటు ఎంత లోతులో ఉంది, ఏ వైపు నుంచి ఎక్కాలి, పట్టుకోవడానికి కడ్డీ ఉందా అని అడగండి. కుర్చీ దిగి మారగలిగినవాళ్లయితే బయలుదేరే ముందే ఫిజియోథెరపిస్ట్ దగ్గర సాధన చేయించండి. కుర్చీ బ్రేకులు వేసి, బలమున్న వైపు సీటు ఉండేలా నిలిపి, నడుముకు పట్టీ కట్టి లేపడం వాళ్లు నేర్పుతారు. పడవల్లో ఇంకో చిక్కుంది. ఎక్కేటప్పుడు బలమున్న వైపు ఆసరా దొరికితే, దిగేటప్పుడు బలంలేని వైపుకు తిరగాల్సి రావచ్చు. సీటు కూడా కిందుగా ఉంటుంది కాబట్టి లేవడమే కష్టం. ఎక్కగలరా అని చూసి ఊరుకోకండి, దిగగలరా అన్నది ముందు చూడండి. మేం పైరేట్స్ వదిలేసింది అందుకే. అది మేం తెలిసి తీసుకున్న నిర్ణయం. మెసేజ్ చూసి భయపడి కాదు.

"వీల్‌చైర్ ఉంటే క్యూ తప్పుతుంది."

తప్పదు. చాలా రైడ్స్‌లో వీల్‌చైర్ పట్టేంత వెడల్పుగానే క్యూ ఉంటుంది, అందరితో పాటే వెళ్లాలి. పాత కట్టడాల్లో వేరే దారిలో పంపినా, వీల్‌చైర్ పడవలు కొన్నే కాబట్టి అది తిరిగి వచ్చేదాకా ఆగాలి. ఒక్కోసారి మిగతావాళ్ల కంటే ఎక్కువసేపు. వికలాంగులకు క్యూలో ఇచ్చే వెసులుబాటును కొందరు డబ్బిచ్చి వాడుకుంటున్నారన్న వార్తలు వచ్చాక 2013లో డిస్నీ పాత కార్డు పద్ధతిని తీసేసింది. దాని స్థానంలో వచ్చిన పద్ధతిని 2024లో ఇంకా బిగించి, ముఖ్యంగా ఆటిజం లాంటి ఎదుగుదల సమస్యలున్నవాళ్లకే అన్నారు. నడవగలిగినవాళ్లు క్యూ కోసం వీల్‌చైర్ ఎక్కితే, నిజంగా అవసరమున్న మనిషిని అందరూ అనుమానంగా చూస్తారు. ఆ చూపు మా నాన్న మీద పడింది. దయచేసి ఆ సలహా ఎవరికీ ఇవ్వకండి.

"మధ్యలో ఆగితే ప్రాణం మీదికి వస్తుంది."

ఈ భయానికి ఆధారం లేకపోలేదు. 2009 నవంబరులో డిస్నీల్యాండ్ స్మాల్ వరల్డ్ ఆగిపోయినప్పుడు, కాళ్లూ చేతులూ కదలని ఒక వ్యక్తి దాదాపు అరగంట పడవలోనే ఉండిపోయారు. మిగతావాళ్లను నడిపించి బయటికి తీసుకెళ్లారు, ఆయన వీల్‌చైర్‌ను బయటికి తేవడం కుదరలేదు. ఆయన కోర్టుకు వెళ్లారు. 2013లో కోర్టు ఆయనకు 8,000 డాలర్లు ఇప్పించింది.

మెసేజ్ రాసినవాళ్లు దీన్ని "చూశారా, వెళ్లకూడదు" అని చదువుతారు. నేను అలా చదవను. ఆయన రైడ్‌కి రావడం తప్పని కోర్టు అనలేదు. ఎక్కించుకున్నవాళ్లు ఆయన్ని దించే ఏర్పాటు కూడా చేసి ఉండాల్సింది. రైడ్ ఆగితే వీల్‌చైర్‌లో ఉన్నవారిని ఎలా బయటికి తెస్తారని ఎక్కే ముందు అడగండి. బీపీ, మూత్రం గొట్టం, వేళకు వేయాల్సిన మందులు ఉన్నవాళ్లయితే అవి చూసుకునే వెళ్లండి. ఇంట్లో లిఫ్ట్ ఆగిపోతుందని అపార్ట్‌మెంట్‌లో ఉండటం మానేస్తామా?

"మన దేశంలో చట్టమే లేదు."

ఉంది. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. ప్రజలు వాడే భవనాలు ప్రభుత్వానివైనా ప్రైవేటువైనా దాని కిందికి వస్తాయి. వినోదానికి, విహారానికి వాడేవి కూడా అందులో ఉన్నాయని చట్టమే చెప్పింది. 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు, సదుపాయాల ప్రమాణాల గురించి దీని కింద చేసిన 15వ నిబంధన కేవలం సలహాలా ఉందని, చట్టం ఉద్దేశానికి విరుద్ధమని తేల్చి, తప్పనిసరి ప్రమాణాలు తేవాలని కేంద్రానికి మూడు నెలల గడువు పెట్టింది. దేశంలో పరిస్థితి ఎలా ఉందో కోర్టుకు నివేదిక ఇచ్చింది మన హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయమే. ఆ సంగతి ఏ ఫార్వర్డ్‌లోనూ కనిపించదు.

ఇది గొప్ప సాంకేతికత అడిగే పని కూడా కాదు. టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో గోర్డన్ హార్ట్‌మన్ అనే ఆయన, వైకల్యం ఉన్న తన కూతురు మోర్గన్ కోసం "మోర్గన్స్ వండర్‌ల్యాండ్" అనే పార్కు కట్టి 2010లో తెరిచారు. 2017లో దాని పక్కనే నీళ్ల పార్కు పెట్టారు. అక్కడ బ్యాటరీ లేకుండా గాలి ఒత్తిడితో నడిచే వీల్‌చైర్లు ఇస్తారు, వాటితో నేరుగా నీళ్లలోకి వెళ్లవచ్చు. వీల్‌చైర్‌తో ఎక్కగలిగే పడవ రైడ్ కూడా ఉంది. వైకల్యం ఉన్నవాళ్లకు ప్రవేశం ఉచితం.

మన చెరువు దగ్గర అంత అవసరం లేదు. గట్టుకీ పడవకీ మధ్య గట్టి పలక, జారకుండా గరుకు పట్టీ, పట్టుకోవడానికి కడ్డీ, పడవలో ఒక సీటు తీసేస్తే 30, 48 అంగుళాల చోటు. ఇదే కొలతలతో ఆ బోటింగ్ నడిపేవాళ్లకు ఒక అర్జీ రాశాను. పంపే ముందు నాన్నకు చదివి వినిపిస్తే ఒక్క దిద్దుబాటు చెప్పారు. "కడ్డీ రెండు వైపులా పెట్టమను. నాకు పనిచేసేది కుడి చెయ్యి. ఎక్కేటప్పుడు అది ఒక వైపుంటే, దిగేటప్పుడు ఇంకో వైపుంటుంది కదా."