ఎస్ఎఫ్‌టీకి ఎంతండీ అని అడగకండి ప్లీజ్

స్థలం ఎక్కడో చెప్పరు, ఏ ఫేసింగో చెప్పరు, ఆర్కిటెక్ట్‌ని కదా, ఇంటి డిజైన్ కోసం ఫోన్ చేస్తారు, నేను ఎత్తగానే "ఎస్ఎఫ్‌టీకి (చదరపు అడుగుకి) ఎంత తీసుకుంటారు సార్" అంటారు. జనాన్ని అని ఏం లాభం, మా ఫీల్డ్ వాళ్లే అలా అలవాటు చేశారు.

ఆర్కిటెక్టులని రిజిస్టర్ చేసే కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ వాళ్ల ఫీజుల స్కేల్ చూస్తే విడి ఇంటికి మా ఫీజు కట్టుబడి ఖర్చులో 7.5 శాతం. హైదరాబాద్‌లో 200 గజాల్లో జీ ప్లస్ టూ, మొత్తం 3600 ఎస్ఎఫ్‌టీ అనుకోండి, ఎస్ఎఫ్‌టీకి 2000 చొప్పున వేసినా కట్టుబడి 72 లక్షలు, ఫీజు 5 లక్షల 40 వేలు. ఈ అంకె చెప్తే ఫోన్ కట్. ఇంకో ఆర్కిటెక్ట్ ఎస్ఎఫ్‌టీకి 40 రూపాయలకే చేస్తానంటాడు, అంటే లక్షా 44 వేలు. అందులోనే స్ట్రక్చరల్ ఇంజినీర్‌కి ఇవ్వాలి, ఎలివేషన్ త్రీడీ చేసేవాళ్లకి ఇవ్వాలి, ఒక జూనియర్ మూడు నెలలు దాని మీద కూర్చుంటే నెలకి 25 వేలు లెక్కన జీతమే 75 వేలు, ఇక మిగిలేదేంటి? అందుకే వర్కింగ్ డ్రాయింగ్స్ (సైట్‌లో చూసి కట్టే వివరమైన డ్రాయింగ్స్) సగం ఇచ్చి మిగతాది మేస్త్రీకి వదిలేస్తారు, తర్వాత మెట్లెక్కేటప్పుడు బీమ్ తలకి తగుల్తుంది.

అలాగని పర్సెంటేజీ గొప్పదనీ అనను. ఓనర్ ఇటాలియన్ మార్బుల్ వేస్తే నా ఫీజు పెరుగుతుంది, నేనేం ఎక్కువ గీశానని? ఖర్చు తగ్గేలా డిజైన్ చేస్తే నాకే కోత. పైగా అసలు ఎంతైందో ఏ ఓనరూ నిజం చెప్పడు.

లెక్క పని దగ్గర మొదలవ్వాలండీ. ఎన్ని డ్రాయింగ్ షీట్లు, ఎవరు ఎన్ని రోజులు, సైట్ విజిట్లు ఎన్ని, కన్సల్టెంట్లకెంత, అద్దె కరెంటు సాఫ్ట్‌వేర్ వాటా ఎంత, పైన కొంత లాభం. వచ్చినదాన్ని పర్సెంటేజీతో ఒకసారి సరిచూసుకోవాలి, అంతే. ఎస్ఎఫ్‌టీ రేటులో చిన్న ఇల్లు చేస్తేనే మేం మునిగేది, అపార్ట్‌మెంట్‌లో ఒక ఫ్లోర్ గీస్తే మిగతావన్నీ అదే రిపీట్, ఇంట్లో ఏ గదీ రిపీట్ కాదు.

ఇక వాస్తు. ప్లాన్ ఫైనల్ అయ్యి పర్మిషన్‌కి పెట్టబోతుంటే ఓనర్ గారి బావమరిది ఒక సిద్ధాంతి గారిని తీసుకొస్తాడు, మెట్లు జరపమంటారు, మెట్లు జరిగితే కాలమ్స్ జరుగుతాయి, స్ట్రక్చరల్ వాళ్లకి మళ్లీ మొదట్నుంచీ పని. ఈ పని ఎస్ఎఫ్‌టీ రేటులో ఎక్కడుందో ఎవరైనా చూపించండి. అందుకే మా కొటేషన్‌లో రెండు రివిజన్లు ఫ్రీ, మూడోదానికి డబ్బులు అని రాసేస్తున్నాం, 18 శాతం జీఎస్టీ విడిగా ("బిల్లు వద్దులెండి" అనేవాళ్లకి ఓ దండం). సిద్ధాంతి గారిని మొదటి మీటింగ్‌కే తీసుకురండి, మీకే చవక.